మీ ప్రశ్న, మా జవాబు: దండెం మీద బట్టలు కూడా సైగలేనా?

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడు డి.హెచ్. లారెన్స్ అనే ఇంగ్లిష్ రచయితనూ ఆయన భార్యనూ సముద్రం ఒడ్డునున్న ఒక పల్లె నుంచి వెళ్లగొట్టారని చదివాను సార్. యుద్ధమేమో ఫ్రాన్స్‌లో, వీళ్లేమో ఇంగ్లండ్‌లో ఒక మూల. ఇద్దరు మనుషులతో ఆ ఊరికి వచ్చిన ముప్పేంటి?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ముప్పేమీ రాలేదు. అయితే ఆ ఊరి వాళ్లు ఉత్త పుణ్యానికి భయపడ్డారని కూడా అనలేం. ఆ పల్లె పేరు జెన్నర్. ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్ అనే ప్రాంతంలో ఉంటుంది, ఇంటి ముందు నిలబడితే అట్లాంటిక్ సముద్రం కనబడుతుంది. 1916లో లారెన్స్ దంపతులు అక్కడ ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి నుంచి జర్మన్ జలాంతర్గాములు ముందస్తు హెచ్చరిక లేకుండా కనబడిన ఓడనల్లా ముంచడం మొదలుపెట్టాయి, ఆ తీరంలోనూ ఓడలు మునిగాయి. సముద్రం మీద బతికే ఊళ్లో ఓడ మునిగిందంటే అది పేపర్లో వార్త మాత్రమే అయి ఊరుకోదు కదా.

ఇక భార్య ఫ్రీడా. ఆమె జర్మన్. పుట్టింటి పేరు ఫాన్ రిక్తోఫెన్. ఆ రోజుల్లో బ్రిటిష్ విమానాలను వరసగా కూలుస్తున్న జర్మన్ పైలట్ రిక్తోఫెన్‌కు దూరపు చుట్టం. మొగుడికి గడ్డం, బలహీనమైన ఊపిరితిత్తులు. సైన్యం వాళ్లు పరీక్ష చేసి పనికిరాడని పంపేశారు. ఊళ్లో తల్లులేమో కొడుకులను యుద్ధానికి పంపి కూర్చున్నారు, ఈయన ఇంట్లో కూర్చుని కథలు రాసుకుంటాడు, దానికితోడు మొగుడూ పెళ్లాలు గట్టిగా పోట్లాడుకుంటారు, రాత్రిపూట జర్మన్ పాటలు పాడుకుంటారు. ఇంకేం కావాలి? దండెం మీద బట్టలు ఆరేస్తే జలాంతర్గామికి సైగ అన్నారు. కిటికీలో దీపం కనబడితే సైగ అన్నారు. ఒకసారి తీరం కాపలా వాళ్లు పొదల వెనక నుంచి దూకి, మీ సంచిలో కెమెరా ఉంది చూపించమన్నారట, తీరా తెరిస్తే అందులో ఉన్నది రొట్టె. ఇది ఫ్రీడా తర్వాత రాసుకున్న మాటే. 1917 అక్టోబర్‌లో పోలీసులు ఇల్లు సోదా చేసి, మూడు రోజుల్లో కార్న్‌వాల్ విడిచిపొమ్మని, తీర ప్రాంతాల్లో ఎక్కడా అడుగు పెట్టొద్దని ఉత్తర్వు చేతిలో పెట్టారు. ఏం తప్పు చేశారో ఆ కాగితంలో లేదు.

పల్లెటూరి మనుషులు, తెలివి తక్కువ అనుకునేరు. నౌకాదళం అధిపతిగా ఉన్న బాటెన్‌బర్గ్ రాకుమారుడు జర్మన్ వంశంవాడన్న గొడవతో 1914 అక్టోబర్లోనే రాజీనామా చేయాల్సొచ్చింది. 1915లో లూసిటానియా ఓడను జర్మన్లు ముంచాక లివర్‌పూల్ లాంటి ఊళ్లలో జర్మన్ పేరున్న రొట్టెల దుకాణాలనూ మాంసం దుకాణాలనూ జనం పగలగొట్టారు. చివరికి రాజుగారే 1917లో తన జర్మన్ వంశం పేరు తీసేసి విండ్సర్ అని పెట్టుకున్నాడు. రాజుకు పేరు మార్చుకునే వెసులుబాటు ఉంది, ఫ్రీడా యాస ఎక్కడ మార్చుకుంటుంది?

మన సీమలో పుట్టినోళ్లకు ఇది అర్థం కాకపోవడమేం లేదు లెండి. మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట ఊరు. నా చిన్నప్పుడు ఊళ్లో రెండు పార్టీలు, ఇద్దరికీ ఉప్పూ బీడీలూ కిరసనాయిలూ అమ్మే అంగడాయన ఒక్కడే. ఒక రాత్రి తోటకు పోతున్న మనిషి మీద దాడి జరిగింది. ఆయన తోటకు పోతాడని ఎవరికి తెలుసు? సాయంత్రం అంగట్లో బీడీకట్ట కొంటూ చెప్పినాడంట. అంతే, అంగడాయన అవతలి పార్టీకి వేగు అయిపోయాడు. వారం తిరక్కముందే అంగటికి పోయేవాళ్లు లేరు. మా జేజి నన్ను ఉప్పుకు పక్కూరికి నడిపించేది, పోవాల్సింది ఆ అంగడి ముందు నుంచే, ఆయన దిక్కు చూడొద్దురా అని చెప్పి మరీ పంపేది. నేను చూసేవాణ్ణి. ఆయన రాళ్ల ఉప్పు మూట మూతి విప్పేవాడు, కట్టేవాడు, మళ్లీ విప్పేవాడు. ఆ ఏడు వానలు పడకముందే ఇంటికి తాళం వేసి పిల్లలతో ఎటో వెళ్లిపోయారు. కబురు చేరవేసినోడు వేరే అని తర్వాత ఊరందరికీ తెలిసింది, ఎవరూ పోయి పిలుచుకురాలేదు. ఇంకో సంగతి నాకు పెద్దయ్యాకే తెలిసింది. అందరికంటే ముందు నోరు తెరిచి వేగు అన్నవాళ్ల పేర్ల మీదే ఆయన ఖాతా పుస్తకంలో బాకీలు ఎక్కువుండేవంట. జెన్నర్‌లో ఎవరి బాకీలు ఏంటో గానీ, ఆ దంపతులంటే ఊరికి గిట్టకపోవడానికి జలాంతర్గాములు రావాల్సిన పని లేదనే నాకనిపిస్తుంది. యుద్ధం వచ్చి, ఆ గిట్టనితనానికి దేశభక్తి అని పేరు పెట్టిపోయింది.

ప్రశ్న: మా అవ్వ వాళ్లది కాకినాడ. 1942లో బాంబులు పడ్డాయని గుంతకల్లులో రైల్వేలో ఉన్న చుట్టాలింటికి వచ్చేశారట. ఇక్కడి పిల్లలు వీళ్లను 'జపానోళ్లు' అని ఏడిపించేవాళ్లని ఇప్పటికీ చెబుతుంది. పారిపోయి వచ్చినవాళ్లను అలా అనడమేంటి? నిజంగా బాంబులు పడ్డాయా?
– ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: పడ్డాయమ్మా. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా ఒకే రోజు బాంబులు వేశాయి. మీ అవ్వగారు దాన్ని కళ్లతో చూసిన తరం, కూర్చోబెట్టుకుని ఫోన్లో రికార్డు చేసుకోండి, ఈ పని రేపటికి పెట్టుకోకండి.

అప్పటి టెన్షన్ మనకిప్పుడు తెలియదు. ఫిబ్రవరిలో సింగపూర్ పోయింది, మార్చిలో రంగూన్ పోయింది, అదే నెలలో అండమాన్ కూడా పోయింది. రంగూన్‌లో కూలికీ ఓడరేవు పనికీ పోయిన తెలుగువాళ్లు ఎంతమందంటే, కాకినాడ పక్కనున్న కోరంగి పేరు మీద అక్కడ మనవాళ్లనే 'కోరంగీలు' అనేవాళ్లు. వాళ్లు తిరిగొస్తూ చూసింది కొంత, విన్నది కొంత మోసుకొచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని వాల్తేరు నుంచి గుంటూరుకు తరలించారు. మద్రాసు జూలో బాంబు పడి బోనులు విరిగితే సింహాలూ పులులూ వీధుల్లోకి వస్తాయని వాటిని ముందే కాల్చి చంపేశారు. అలాంటి రోజుల్లో మూటాముల్లెతో రైలు దిగిన కుటుంబాన్ని చూసి గుంతకల్లు పిల్లలకు ఏమనిపించి ఉంటుంది? మాట చివర 'అండీ' అంటారు, ఆ సాగదీయడం వేరే. శత్రువును ఎవరూ చూడలేదు, శత్రువు పేరు చెప్పి వచ్చినవాళ్లు ఎదురుగా ఉన్నారు. పిల్లల ఏడిపింపు గనక అది అక్కడితో ఆగింది, అదొక అదృష్టం.

అదే సముద్రంలో అండమాన్‌లో ఆగలేదు. అక్కడ జపాన్ వాళ్లే పాలకులు. చుట్టూ బ్రిటిష్ జలాంతర్గాములు తిరుగుతుంటే, తమ ఓడల సంగతి బ్రిటిష్‌వాళ్లకు ఎవరో చెబుతున్నారన్న అనుమానం జపాన్ వాళ్లకు పట్టుకుంది. దీవిలో ఉన్నదే కొద్దిమంది. ఒకరి నోటి నుంచి చిత్రహింసలతో ఇంకొకరి పేరు రాబట్టి, ఆ పేరున్నవాణ్ణి తెచ్చి మూడో పేరు. డాక్టర్ దివాన్ సింగ్ అని పంజాబీ కవి, ఊరందరికీ వైద్యం చేసినాయన, అలా సెల్యులర్ జైల్లో దెబ్బలకు 1944 జనవరిలో చనిపోయాడు. ఆ నెల 30న హంఫ్రేగంజ్ దగ్గర 44 మందిని గూఢచారులని కాల్చి పూడ్చేశారు. పోర్ట్ బ్లెయిర్ వెళ్లే మనవాళ్లు సెల్యులర్ జైలు ముందు ఫోటో దిగి వచ్చేస్తారు. కాస్త దూరంలో ఆ 44 మంది స్మారకం కూడా ఉంది.

ప్రశ్న: ఊరంతా కలిసి ఒక ఇంటిని వెలివేస్తే చట్టం ఏమంటుంది?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: వెలికి గురైనవాళ్లు ఎస్సీ, ఎస్టీలై, వేసినవాళ్లు ఇతరులైతే, సాంఘికంగా గానీ ఆర్థికంగా గానీ బహిష్కరించడం, బహిష్కరిస్తామని బెదిరించడం కూడా అట్రాసిటీ చట్టం కింద నేరం. 2015 సవరణలో దీన్ని విడిగా చేర్చారు. మహారాష్ట్ర ఇంకో అడుగు వేసి 2016లో అన్ని కులాలకూ వర్తించేలా సాంఘిక బహిష్కరణ మీదే ఒక చట్టం చేసింది, మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మీ కేసు ఏదో రాయలేదు గనక ఇంతకు మించి చెప్పలేను, వివరాలతో మీ ఊరి దగ్గర్లోని ఉచిత న్యాయ సేవల ఆఫీసుకు వెళ్లండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లోకి ఉత్తరాది నుంచి ఒక కుటుంబం అద్దెకు వచ్చింది, ఆయన ఓర్వకల్లు దగ్గర సోలార్ ప్లాంటులో పని చేస్తాడు. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో గొడవ జరిగిన ఆ నాలుగు రోజుల్లో ఎవరో ఆయన రాత్రి మేడ మీద ఫోన్ లైటు వేసుకుని తిరుగుతున్న ఫోటో తీసి మా గ్రూపులో పెట్టారు. 'సోలార్ ప్లాంటు సంగతులు ఎవరికి చెబుతున్నాడో' అని కింద రాశారు. నేను కూడా చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టాను, ఎందుకు పెట్టానో నాకే తెలియదు. తర్వాత పోలీసులు వచ్చి కాగితాలు చూసి ఏమీ లేదని చెప్పి వెళ్లారు. అయినా వాళ్లతో ఎవరూ మాట్లాడటం లేదు. ఆమె రోజూ తోడుకు పెరుగు మా ఇంటి నుంచే తీసుకెళ్లేది, ఇప్పుడు రావడం మానేసింది. లిఫ్టులో ఎదురైతే తల దించుకుంటుంది. మా ఆయన మాత్రం, జాగ్రత్తగా ఉండటంలో తప్పేముంది అంటాడు.
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: మీ ఆయన మాటలో సగం సబబే అమ్మా. అనుమానం వస్తే పోలీసులకు చెప్పాలి, చెప్పారు, వాళ్లొచ్చి చూసుకున్నారు, జాగ్రత్త అనేది అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత కూడా మాట్లాడకపోవడం ఏ జాగ్రత్త కిందికి వస్తుందో ఆయన్నే అడగండి. మేడ మీదికి ఎందుకెక్కాడంటే నాకు తోచేది ఒక్కటే, మీ అపార్ట్‌మెంట్‌లో సిగ్నల్ సరిగా ఉండదేమో, ఇంటికి ఫోన్ చేసుకుంటున్నాడేమో. నేనూ రోజూ చేసే పనే అది.

ఇలాంటివి ఇంగ్లిష్‌వాళ్లూ జపాన్‌వాళ్లూ చేసేవి అని చేతులు దులుపుకోవడానికి కూడా లేదు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు అస్సాంలోనూ డార్జిలింగ్ వైపూ తరతరాలుగా ఉంటున్న చైనా సంతతి వాళ్లను దాదాపు మూడు వేల మందిని పట్టి, రైళ్లలో రాజస్థాన్‌లోని దేవళీ క్యాంపుకు పంపారు. మాకుం అనే చిన్న ఊళ్లో చైనా మొగుడూ అస్సామీ పెళ్లామూ ఉన్న ఇళ్లు చీలిపోయాయి. నేరం మోపింది లేదు, విచారణ లేదు. కొందరు ఐదేళ్ల దాకా అక్కడే ఉన్నారు, తిరిగొచ్చేసరికి కొందరి ఇళ్లు వేలమైపోయాయి.

మీరు పెట్టిన ఆ బొమ్మ సంగతి. చిన్నదే, కానీ మీకది గుచ్చుకుంటోంది గనకే నాకు ఉత్తరం రాశారు. ఫోటో పెట్టిన గ్రూపులోనే రెండు లైన్లు రాయండి: పోలీసులు చూసి ఏమీ లేదన్నారు, నేను ఆ రోజు బొమ్మ పెట్టడం పొరపాటు, అని. ఎవరినీ ఏమీ అనొద్దు, వాదన వస్తే జవాబివ్వొద్దు. ఇద్దరు ముగ్గురు మీకు విడిగా మెసేజ్ పెడతారు చూడండి, వాళ్లూ మీలాగే కూర్చుని ఉంటారు.

ఆమె దగ్గరికి మాత్రం పెద్ద పెద్ద క్షమాపణలతో వెళ్లకండి, ఆమె ఇంకా ఇబ్బంది పడుతుంది. మిఠాయి డబ్బా కూడా వద్దు. పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక, ఒక చిన్న గిన్నె పట్టుకుని వాళ్ల తలుపు కొట్టండి. మా ఇంట్లో పెరుగు అయిపోయింది, తోడుకు కాస్త ఉంటే వెయ్యమ్మా అని అడగండి.