బాధితుల దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

ప్రశ్న: మాది దేవరకొండ. నేర బాధితులకు అందే సేవలపై పీజీ ప్రాజెక్టు చేస్తున్నాను. హింసకు గురైన మహిళలకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రానికి వెళ్లి బాధిత మహిళలతో నేరుగా మాట్లాడవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని

జవాబు: వద్దమ్మా, ముందే వాళ్ల దగ్గరికి పోకు. పోలీసులకు, డాక్టరుకు, కోర్టులో చెప్పిందే మళ్లీ నీకూ చెప్పాలా? నల్గొండలో జిల్లా న్యాయసేవాధికార సంస్థతో మొదలుపెట్టు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్ కింద పరిహారం సంగతి చూసేది అదే. నేరస్థుడు దొరక్కపోయినా, విచారణే జరగకపోయినా బాధితులు అక్కడ దరఖాస్తు చేసుకోవచ్చు. ఇది మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? నన్నడిగితే నీ ప్రాజెక్టుకు అసలు ప్రశ్న ఇదే. 397వ సెక్షన్ ప్రకారం అత్యాచార, యాసిడ్ దాడి బాధితులకు ప్రైవేటు ఆసుపత్రులు సైతం ఉచితంగా వైద్యం చేయాలి. అది జరుగుతోందో లేదో నర్సులను, సఖి కౌన్సెలర్లను అడుగు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినవాళ్లను ఎక్కడికి పంపుతున్నారో కూడా కనుక్కో.

జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో ఉండేవి నమోదైన కేసులే. పంచాయితీలో తెగిపోయినవి అందులో ఉండవు.

ఎవరైనా తామే మాట్లాడతామంటే రాతపూర్వకంగా సమ్మతి తీసుకో. పేరు, ఊరు, కులం రాయకు. చిన్న ఊళ్లో వీధి పేరు చాలు, మనిషిని పట్టేస్తారు. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం కూడా.