మీ ప్రశ్న – మా జవాబు: ఇత్తడి నాణెం మీద పెళ్ళిజంట

ప్రశ్న: మా తాతగారు యానాంలో ఉద్యోగం చేసేవారు. ఆయన భోషాణంలో ఓ పెద్ద ఇత్తడి నాణెం దొరికింది. ఒకపక్క గడ్డమున్న మనిషి తల, రెండోపక్క ఆడా మగా చేతులు పట్టుకుని నిలబడ్డారు, వాళ్ళిద్దరి మధ్య కింద ఇంకో బుల్లి జంట. కంసాలి తూకం వేస్తే 25 గ్రాముల దాకా వచ్చింది. రోమన్లదేనా? చింతపండు పెట్టి తోమమంటారా?
– ఓ పాఠకురాలు, రాజోలు

జవాబు: తోమొద్దండీ బాబూ! ఆ నల్లటి పొర పోతే నాణేనికి ఉన్న విలువలో సగం పోయినట్టే.

మీరు చెప్పిన బొమ్మ రోమన్ చక్రవర్తి ఆంటొనైనస్ పయస్ వేయించిన సెస్టెర్షియస్ అనే పెద్ద ఇత్తడి నాణెం మీద ఉంటుంది. పెద్ద జంట ఆయనా, భార్య ఫాస్టీనా. మన పాణిగ్రహణంలాగే కుడిచేతిలో కుడిచేయి. ఆయన రెండో చేతిలో ఉన్న చిన్న విగ్రహం కాంకార్డియా, అంటే వాళ్ళ సఖ్యతా దేవత. కింద హోమవేదిక మీదుగా చేతులు కలుపుకున్న బుల్లి జంట కూతురు చిన్న ఫాస్టీనా, కాబోయే అల్లుడు, వారసుడు మార్కస్ అరీలియస్. వీళ్ళ పెళ్ళి క్రీ.శ. 145లో జరిగింది, నాణెం మాత్రం అంతకు ముందే వచ్చేసింది, అంటే శుభలేఖ కంటే ముందే వారసుడెవరో ఊరూరా తెలిసిపోయిందన్నమాట. ఇత్తడి డబ్బు అంగట్లో రోజూ చేతులు మారేది కాబట్టి కబురు మామూలు జనం దాకా చేరేది. రోమ్ దగ్గరి ఓస్టియా రేవు పట్టణంలోనైతే పెళ్ళిచేసుకునే జంటలు ఈ రాజదంపతుల పేర పెట్టిన వేదిక దగ్గర మొక్కుకోవాలని ఊరిపెద్దలు తీర్మానం చేసి రాయి మీద చెక్కించారు!

అయితే నాణెం మీద చేతులు కలిసినంత మాత్రాన కాపురం సజావుగా ఉందనుకోకండి. 202లో, తర్వాతి కాలపు చక్రవర్తి కారకల్లాకి ప్లాటిల్లాతో బలవంతంగా పెళ్ళి చేసి, ఇలాగే చేతులు కలిపిన బొమ్మతో, కాంకార్డియా పేరుతో నాణేలు వేశారు. ఆయన ఆమెతో కలిసి భోజనానికి కూడా కూర్చునేవాడు కాదని ఆ కాలపు చరిత్రకారుడు హెరోడియన్ రాశాడు. 205లో ప్లాటిల్లా తండ్రిని చంపించారు, ఆమెని లిపారి దీవికి తోలేశారు, 211లో తన తండ్రి పోయాక కారకల్లా ఆమెనీ చంపించాడు. నన్నడిగితే సఖ్యత అని పనిగట్టుకుని అచ్చువేశారంటే లోపల ఏదో ఉందేమో అని ఒకసారి అనుమానించాల్సిందే. పయస్ గారింట్లో మాత్రం నిజంగానే పొసిగినట్టుంది.

ఇక మీ నాణెం అసలుదో నకలో ఫొటో చూసి చెప్పలేం. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనిపిస్తే, బుడగల్లాంటి చిన్న గుంటలుంటే పోతపోసిన నకలని అనుమానించాలి, ఎందుకంటే అసలువి అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టినవి. గోదావరి ఒడ్డున దిగిన రోమన్ వర్తకుడిదనే ఆశ మాత్రం పెట్టుకోకండి. మన దేశంలో ఆ కాలపు రోమన్ డబ్బు దొరికితే ఎక్కువగా బంగారం, వెండే. ఇత్తడి వాళ్ళ ఊళ్ళో చిల్లర. తాతగారిది యానాం అంటున్నారు కదా, ఏ ఫ్రెంచి దొరో ఇచ్చి ఉంటాడని నా ఊహ. రాజమండ్రి రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియంలో చూపించండి, కాగితంలో చుట్టి తీసుకెళ్ళండి చాలు.