వరి గుళికలు పచ్చికకు పనికిరావు

ప్రశ్న: మా ఇంటి ముందు రెండు డిసిమిల్‌ల (సెంట్ల) స్థలంలో గరిక లాన్ పెంచుతున్నాము. ఈ వానలు వెనకబట్టేసరికి పులిచింతాకు, గడ్డిచామంతి, అటికమామిడి గడ్డిని మించి పెరిగాయి. అమెరికాలో ఉన్న మా అబ్బాయి, అక్కడ ఎరువుతో కలిపిన గుళికలు చల్లితే ఇటువంటి కలుపు పోతుందని చెప్పాడు. ఊళ్లో అడిగితే బుటాక్లోర్ గుళికలు ఇచ్చారు. చల్లి, పైపుతో బాగా తడిపాను. ఇరవై రోజులైనా ఒక్క మొక్కా చావలేదు. మందు నకిలీదా? మా పెరటి గోడ అవతల పత్తి చేను ఉన్నదని కూడా మనవి.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గుణుపూర్, రాయగడ జిల్లా

జవాబు: మందును అనుమానించనక్కరలేదు, అది చేయలేని పనిని మీరు దానికి అప్పగించారు. బుటాక్లోర్ గుళికలు వరి నాటిన కొద్ది రోజుల్లోనే, మడిలో పలుచగా నీరు నిలిపి చల్లేవి. అవి నీటిలో కరిగి మట్టిపై పొరలా పరచుకొని, అప్పుడే మొలకెత్తుతున్న కలుపును, అందులోనూ ముఖ్యంగా గడ్డిజాతి కలుపును అణచివేస్తాయి. వేరు దన్నిన అటికమామిడిని అవి ఏమీ చేయవు.

మీ అబ్బాయి చెప్పిన గుళికల తీరు వేరు. వాటిలో సాధారణంగా ఇటువంటి వెడల్పాకు కలుపును చంపే 2,4-డి, మెకోప్రాప్, డైకాంబా వంటి మందులుంటాయి. ఇవి ప్రధానంగా ఆకు ద్వారానే మొక్కలోకి వెళ్లవలసినవి కనుక, తెల్లవారుజామున మంచుతో ఆకులు తడిసి ఉన్నప్పుడు చల్లి, గుళిక ఆకుకు అంటుకొని ఉండేలా ఒకటి రెండు రోజులు నీళ్లు పెట్టకుండా, వాన లేని అదను చూసుకోవాలి. మీరు తడిపినట్లు తడిపితే ఆ మందు కూడా నేల పాలయ్యేదే. పులిచింతాకునే గమనించండి: మూడు చిన్న ఆకులు, ఎండ తీవ్రమైతే గొడుగు మూసినట్లు కిందికి ముడుచుకుంటాయి; పొడి ఆకు మీద పడ్డ గుళిక జారిపోక ఏం చేస్తుంది?

రెండు డిసిమిల్‌లకు మందు దాకా వెళ్లనక్కరలేదని నా అభిప్రాయం. నేల తడిగా ఉన్నప్పుడు చిన్న గునపంతో అటికమామిడిని తల్లివేరుతో సహా పెకలించండి. తల తెంపితే మళ్లీ చిగురిస్తుంది. పులిచింత కాయలు ముదిరితే ముట్టుకోగానే చిట్లి గింజలు దూరంగా ఎగిరిపడతాయి కాబట్టి కాయ పట్టకముందే తీయాలి. అటికమామిడి పప్పుకు బాగుంటుంది గాని, మందు చల్లిన చోటిది ఈసారికి వద్దు.

మందే కావాలంటే 2,4-డి సోడియం సాల్ట్ 80 శాతం పొడి ఉంది. వరిలో వెడల్పాకు కలుపుకు ఎకరాకు 500 గ్రాములు 200 లీటర్ల నీటిలో కలిపి కొట్టే లెక్కన, మీ స్థలానికి 10 గ్రాములు, 4 లీటర్ల నీరు సరిపోతాయి. గరిక దీనిని తట్టుకుంటుంది. అయినా ముందు ఒక మూల కొట్టి చూడండి. ఒకటి రెండు రోజుల్లో కలుపు కాడలు మెలికలు తిరుగుతాయి, పూర్తిగా ఎండడానికి రెండు వారాలైనా పట్టవచ్చు.

అయితే మీ గోడ అవతలి పత్తి చేను నన్ను కలవరపెడుతున్నది. ఈ మందు తుంపర గాలికి కొట్టుకుపోయి తగిలినా చాలు, పత్తి ఆకు బెండాకులా సన్నగా చీలిపోతుంది, పూత కాత దెబ్బతింటాయి. టమాటా, వంగ కూడా తట్టుకోలేవు. కనుక చేనులో పత్తి ఉన్నన్నాళ్లు గునపాన్నే నమ్ముకోండి. తరువాత కొట్టినా ఆ పంపును పత్తికి, కూరగాయలకు వాడవద్దు, పొరుగు రైతుకు దాన్ని అరువిచ్చే పని అసలే వద్దు.

ప్రశ్న: ఇదే 2,4-డి మందుతో మా లాన్‌లోని తుంగ పోతుందా?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: పోదమ్మా. తుంగ వెడల్పాకు కలుపు కాదు, దాని బలమంతా నేలలోని గడ్డల్లో ఉంటుంది. దానికి చెరకులో వాడే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం మందు ఉన్నది, గరిక కూడా తట్టుకుంటుంది. కాని ఎకరాకే 36 గ్రాములు కనుక డిసిమిల్‌కు అర గ్రాము కూడా రాదు. వంటింటి చెంచాతో కొలిచే మందు కాదది. తుంగ కొద్దిగానే ఉంటే మట్టి జల్లించి గడ్డలు ఏరించండి.