లేజర్ చేయిస్తే లోకో పైలట్ కావచ్చా?

ప్రశ్న: మాది బిట్రగుంట. రైల్వేలో ట్రాక్ మెయింటెయినర్‌గా చేస్తున్నాను. మా అబ్బాయికి 19 ఏళ్లు, నెల్లూరులో ఎలక్ట్రికల్ డిప్లొమా చివరి సంవత్సరం. అసిస్టెంట్ లోకో పైలట్ (రైలు ఇంజన్ డ్రైవరుకు సహాయకుడు) కావాలని చిన్నప్పటి నుంచి వాడి పట్టుదల. కానీ రెండు కళ్లకూ సైటు ఉంది, మైనస్ రెండున్నర. చెన్నైలో లేజర్ ఆపరేషన్ చేయిస్తే పూర్తి చూపు (6/6) వచ్చేస్తుందని, చేయించినట్టు ఎవరికీ తెలియదని మా బంధువు ఒకాయన అంటున్నారు. బంగారం కుదువబెట్టి చేయిద్దామా?

జవాబు: ముందు ఆ బంగారాన్ని బీరువాలోనే ఉంచండి. అసిస్టెంట్ లోకో పైలట్‌కు రైల్వే ఏ-1 వైద్య ప్రమాణం అడుగుతుంది. అద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 ఉండాలి. మీ బంధువు ఇంతవరకే చూసి లేజర్ మాట ఎత్తినట్టున్నారు. అదే నోటిఫికేషన్‌లో ఇంకో మాట కూడా ఉంటుంది: లాసిక్ (మీరంటున్న లేజర్ ఆపరేషన్) గానీ, సైటు పోవడానికి చేసే మరే ఆపరేషన్ గానీ చేయించుకున్నవాళ్లు ఈ పోస్టుకు అర్హులు కారు. అంటే అద్దాలు పెట్టుకున్నా కుదరదు, లేజర్‌తో వాటిని తీసేసినా కుదరదు. ఆవిరి ఇంజన్ల షెడ్డుతో పేరు తెచ్చుకున్న ఊళ్లో పుట్టిన పిల్లాడికి ఇంజన్ మీద మోజు ఉండటంలో వింత లేదు. అయినా ఈ మాట ఇప్పుడే తెలియడం నయం.

ఇక 'ఎవరికీ తెలియదు' అన్న సంగతి. లాసిక్‌లో కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) పైభాగాన్ని పల్చటి రేకులా కోసి పక్కకు తిప్పుతారు. కింది భాగాన్ని లేజర్‌తో కొంత తొలగించి, రేకును మళ్లీ మూస్తారు. కుట్లుండవు, మామూలు చూపుకు మచ్చ కూడా కనపడదు. కానీ కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూపే పరికరం) దగ్గర గడ్డం ఆనించమని చూస్తే ఆ రేకు అంచు సన్నటి గీతలా దొరికిపోవచ్చు. కార్నియా టోపోగ్రఫీ (దాని ఆకారాన్ని కొలిచే పరీక్ష) తీస్తే మధ్యభాగం చదునైన సంగతి రంగుల మ్యాప్‌లో బయటపడుతుంది. రేకు కోయని పీఆర్‌కే, స్మైల్ అనే లేజర్ పద్ధతులున్నాయి కదా అంటారేమో. కార్నియా ఆకారం మారకుండా ఏ లేజర్ పద్ధతిలోనూ సైటు పోదు, ఆ మార్పు టోపోగ్రఫీలో తెలిసిపోతుంది. దాచిపెట్టి చేరి, తర్వాత దొరికితే పోయేది ఉద్యోగమే. మీరు అదే శాఖలో పనిచేస్తున్నారు, ఇది నేను మీకు చెప్పక్కర్లేదు.

ఆపరేషన్ మీద నిషేధం అన్ని ఉద్యోగాలకూ ఒకేలా ఉండదు. ఎయిర్‌ఫోర్స్ కొన్ని ఆఫీసర్ ఎంట్రీల్లో లాసిక్‌ను షరతులతో ఒప్పుకుంటారు: 20 ఏళ్లు నిండాకే చేయించి ఉండాలి, ఏడాది గడిచి ఉండాలి, కార్నియా మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదు. అందుకే ఉద్యోగం ఏదో తేల్చుకోకుండా ఆపరేషన్ జోలికి వెళ్లొద్దంటాను. ఒకసారి తీసేసిన కార్నియాను తిరిగి పెట్టలేరు.

రైల్వేలోనే ఉండాలనుకుంటే మీ అబ్బాయికి దారులున్నాయి. జూనియర్ ఇంజనీర్ (జేఈ), టెక్నీషియన్ నోటిఫికేషన్ల అనుబంధంలో ప్రతి పోస్టుకూ ఎదురుగా వైద్య ప్రమాణం రాసి ఉంటుంది. అందరూ జీతం కాలమ్ చూసి ఆగిపోతారు, మీరు ఆ కాలమ్ చూడండి. ఏ-3కి అద్దాలు పెట్టుకోవచ్చు గానీ పవర్ రెండు దాటకూడదు, మీవాడికి అది పోయినట్టే. బీ-1కి నాలుగు వరకూ పర్వాలేదు, అద్దాలతో ఒక కంటికి 6/9, రెండో కంటికి 6/12 వస్తే చాలు. సీ-1 ఇంకా తేలిక. ఎలక్ట్రికల్ డిప్లొమాకు జేఈ పరీక్ష సరిగ్గా సరిపోతుంది. జీతం కూడా అసిస్టెంట్ లోకో పైలట్ కంటే పై లెవెల్. ఈలోగా డిప్లొమా వాళ్ల ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈసెట్ రాయించండి. మంచి ర్యాంకు వస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు.

ఉద్యోగం సంగతి పక్కనపెట్టి, అద్దాల బెడద వదిలించుకోవడానికే లేజర్ చేయించాలనుకున్నా 19 ఏళ్లకు తొందరే. పవర్ కనీసం ఏడాది పాటు మారకుండా నిలబడాలి. చదువుకునే పిల్లలకు ఈ వయసులో ఇంకా పెరుగుతూ ఉండొచ్చు. కార్నియా పల్చగా ఉన్నా, కెరటోకోనస్ (కార్నియా పల్చబడి శంకువులా ముందుకు వచ్చే జబ్బు) ఛాయలున్నా మంచి డాక్టరు చేయనంటారు. అలా అన్న డాక్టరునే నమ్మండి. ఆపరేషన్ తర్వాత కొందరికి కళ్లు పొడిబారతాయి, రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. నలభై దాటాక దగ్గరి చూపుకు అద్దాలు ఎలాగూ వస్తాయి.

ఈ వారంలో చేయాల్సిన పని ఒకటుంది. నెల్లూరులో కంటి డాక్టరు దగ్గర అబ్బాయికి రంగుల పరీక్ష చేయించండి. చుక్కల్లో అంకెలు చదివించే ఇషిహారా పుస్తకంతో చూస్తారు, ఐదు నిమిషాల పని. బీ-1కి అది తప్పనిసరి. అందులో తేడా ఉంటే ఏ లేజరూ సరిచేయదు, రంగుల పరీక్ష అడగని సీ-1 లాంటి పోస్టులకు గురిపెట్టాలి.