రాయిని తూచే ముందు

చిరంజీవి స్వాతికి, పెదనాన్న ఆశీస్సులు.

నల్లగొండ గుట్టల్లో రాళ్లు ఏరుతున్నావని, వాటి సాంద్రత, అయస్కాంత గుణం కొలుస్తావని రాశావు. అయస్కాంత గుణం కొలిచే మీటరు గురించి నాలుగు ప్రశ్నలు అడిగావు, రాయి గురించి ఒక్కటీ అడగలేదు. అందుకే నేను రాయితోనే మొదలుపెడతాను.

ఎండకు, వానకు పెచ్చులు లేచిన ముక్కను తీసుకోకు. గ్రానైట్‌ను నిలువునా చీల్చుకుంటూ పోయే డొలరైట్ అనే నల్లరాతి గట్లు చూసే ఉంటావు. గనుల వాళ్లు దాన్నే ‘బ్లాక్ గ్రానైట్’ అని అమ్ముతారు, గ్రానైట్ కాకపోయినా. ఆ గుండ్లు ఉల్లిపాయలా పొరలుగా ఊడతాయి. పై పొరల్లోని మాగ్నటైట్ అనే అయస్కాంత ఖనిజం చెడిపోయి ఉంటుంది కాబట్టి వాటి రీడింగు లోపలి రాయికి చెందదు. సుత్తితో కొట్టి గుండె దాకా వెళ్లు. గుట్ట కొసన రాయి తీసే ముందు దిక్సూచి పెట్టి చూడు. పిడుగు పడిన చోట రాయి తానే అయస్కాంతమైపోతుంది, సూది పక్కకు తిరుగుతుంది. అలాంటి రాయిని అక్కడే వదిలేయి.

సాంద్రతకు త్రాసు, నీళ్లు, నైలాన్ దారం చాలు. ఆరిన రాయిని గాలిలో తూచు. తర్వాత దారంతో వేలాడదీసి నీటిలో ముంచి తూచు. అది బకెట్టు అడుగునూ, అంచునూ తాకకూడదు. రాయికి అంటిన బుడగలను సన్న బ్రష్షుతో తుడిచెయ్యి. గాలిలో 540 గ్రాములు, నీటిలో 336 అనుకో. తేడా 204. 540ని దానితో భాగిస్తే 2.65 వస్తుంది, గ్రానైట్‌కు సరిపోయే అంకె. డొలరైట్ అయితే 3 దగ్గర ఉంటుంది. సందులున్న రాయి అయితే ముందు ఆరబెట్టి తూచి, ఒక రోజు నానబెట్టు. ఆ తర్వాత నీటిలో ఒకసారి, పైతడి తుడిచి గాలిలో ఒకసారి తూచు. అప్పుడు ఆరిన బరువును ఆ రెండింటి తేడాతో భాగించాలి.

హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి నిన్ను తికమక పెడుతుంది. సాంద్రత 2.7 దాకా ఉంటుంది, గ్రానైట్‌కు దాదాపు సమానం. త్రాసు వాటిని వేరు చేయలేదు, మీటరు చేయగలదు. శుద్ధమైన సున్నపురాయి దగ్గర అంకె సున్నాకు కాస్త కిందికి కూడా పోవచ్చు. మీటరు పాడైందని కంగారుపడకు, ఆ రాయిలోని ఖనిజం కాల్సైట్ స్వభావమే అంత.

ప్రతి రాయికీ ముందూ వెనకా మీటరును గాలిలో ఎత్తిపట్టి సున్నా చూసుకో. నేను ఒకసారి సగం రోజు కొలిచాక తెలిసింది, గుడ్డ పరిచిన బల్ల ఇనుపది! అన్నీ మళ్లీ కొలిచాను. చెక్క బల్ల వాడు. తాళాలు, ఫోను దూరంగా పెట్టు.

నా పాత త్రాసు మీ ఇంటి అటక మీదే ఉంది. రాయిని వేలాడదీసే కింది కొక్కెం ఊడిందేమో మీ నాన్నను చూడమను.

ఇట్లు,
పెదనాన్న