కుంకుమ భరిణె లోపలికి చిన్న ఉలి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

లేతు మిషన్ మీద తిప్పే కర్ర భరిణె బయటంతా నున్నగా వస్తోంది కానీ లోపల గీతలు పడుతున్నాయని, చిన్న స్క్రేపర్ల (గీకే ఉలుల) సెట్టు ఒకటి తెప్పించుకుంటానని రాశావు. అప్పుడే కొనకు. నీకు కావాల్సినవి రెండే ఉలులు. లోపలి గోడకీ అడుక్కీ గుండ్రటి మూల ఉన్నది ఒకటి, మూత కూర్చునే గాడికి కొస చదునుగా ఉన్నది ఒకటి. ఏటికొప్పాకలో నేను పని నేర్చుకున్న రోజుల నుంచీ నా ఉలులు నేనే సాన పట్టి చేసుకున్నాను. సెట్టులో వచ్చేవి పళ్లేలకీ గిన్నెలకీ బాగుంటాయి. ఒకటిన్నర అంగుళాల భరిణెలో అవి తిరగవు.

ముందు ఇనుము సంగతి. మిషన్ షాపులకి సరుకు అమ్మే కొట్టుకి వెళ్లి 6 మిల్లీమీటర్ల చదరపు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్ అనే గట్టి ఉక్కు) టూల్ బిట్లు, అంటే ఉలికి పనికొచ్చే కడ్డీ ముక్కలు, రెండు అడుగు. సాన పట్టేటప్పుడు వేడెక్కి రంగు మారినా దాని గట్టిదనం పోదు. వేడి మీద నీళ్లలో మాత్రం ముంచకు, పగుళ్లు వస్తాయి. పాత ఇనుము సామాన్ల కొట్లో ఏదైనా ముక్క దొరికితే గ్రైండర్‌కి తాకించి చూడు. నిప్పురవ్వలు తెల్లగా చిచ్చుబుడ్డిలా పూలు పూస్తే అది మామూలు కార్బన్ ఉక్కు. ఎర్రగా, మసకగా, పూలు లేకుండా వస్తే హెచ్‌ఎస్‌ఎస్ అనుకోవచ్చు.

పాత ఆకురాయితో చేసుకోవచ్చా అని అడిగావు. చేసుకోవచ్చు, కానీ ఉన్నదున్నట్టు వాడకు. ఆకురాయి గాజులాంటిది. నా పాతికేళ్ల వయసులో తొందరపడి అలాగే వాడితే, కర్ర పట్టేసి ఉలి ఫట్‌మని విరిగింది. ముక్క ఎగిరి నా కనుబొమ్మ చీల్చింది. ఇంకో అంగుళం కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది. అందుకే చెబుతున్నాను, కళ్లద్దాలు లేకుండా మిషన్ దగ్గర నిలబడకు. ఆకురాయి పళ్లు మొత్తం అరగదీసి, మెరిసేలా తోమి, మీ ఇంట్లో ఓటీజీ ఉందిగా, అందులో 200 నుంచి 220 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచు. ఎండుగడ్డి రంగు తిరిగితే పెళుసుదనం తగ్గినట్టే. తర్వాత సాన పట్టేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచు. కొస నీలంగా మారిందంటే అక్కడ మెత్తబడిపోయింది, ఆ మేరకు అరగదీసెయ్యాల్సిందే.

పిడికి 8 మిల్లీమీటర్ల బెజ్జం వెయ్యి. 6 మిల్లీమీటర్ల చదరానికి మూల నుంచి మూలకి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది కాబట్టి నాలుగు మూలలూ కర్రని కరిచి పట్టుకుంటాయి. పిడి చీలకుండా ముందే రాగి గొట్టం ముక్కతో పొన్ను తొడిగి, బెజ్జంలో కాస్త ఎరాల్డైట్ జిగురు పోసి బిట్టు దిగ్గొట్టు. రెండంగుళాలు బయటికి ఉంటే చాలు.

ఇక అసలు పని సాన దగ్గరే. పైముఖం చదునుగా ఉంచి, కింద 10, 15 డిగ్రీలు లోపలికి వాలేలా పట్టు. భరిణె చిన్నది కదా, ఉలి అడుగుభాగం గోడకి రాసుకుంటుంది. నీ గీతలు చాలావరకు అక్కడివే అని నా అనుమానం. ఆ అడుగు మూలని ఇంకోసారి అరగదీసి గుండ్రం చెయ్యి. రాయి మీంచి తియ్యగానే పైముఖం మీద బొటనవేలు అంచు వైపుకి మెల్లగా జరిపి చూడు, అంచు వెంబడి పొడుగునా జరపకు. సన్నటి గరుకు తగులుతుంది. కర్రని కోసేది ఆ గరుకే. అంకుడు కర్ర మీద అది సరిగా ఉంటే పల్చటి చుట్టలు రాలతాయి. పొడి రాలుతోందంటే గరుకు పోయింది, ఒత్తిడి పెంచకుండా మళ్లీ రాయి దగ్గరికి వెళ్లు.

పట్టేటప్పుడు పిడి కాస్త పైకి, కొస కాస్త కిందికి. లోపలి గోడ మీద కొస భరిణె తిరిగే మధ్యరేఖకి వెంట్రుకవాసి పైన ఉండాలి. అప్పుడు ఉలి జారినా ఖాళీలోకి దిగుతుంది కానీ కర్రలో దిగబడదు. బయటి పక్క దీనికి తిరగేసి.

మొదటి భరిణె లోపలి ఫోటో, రాలిన చుట్టల ఫోటో రెండూ పంపు. చుట్టలు చూస్తే ఉలి ఎలా ఉందో నాకు తెలుస్తుంది. పండక్కి వచ్చేటప్పుడు ఆ రెండు ఉలులూ తీసుకురా, నా రాయి మీద కలిసి సాన పడదాం.

మీ మామయ్య