వీరేశలింగం గారింటికి పిల్లల్ని తీసుకెళ్ళే ముందు

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

మీ బడి పిల్లల్ని రాజమండ్రి తీసుకెళ్తున్నావని నాన్న ఫోన్లో చెప్పాడు. మా ఇంట్లో ఒక టీచరమ్మ పుట్టిందని గర్వపడేలోపే మిగతాది విన్నాను. ఒక్కరోజులో వీరేశలింగం గారిల్లు, దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ, రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం! నీకేమైనా మతిపోయిందా? సాయంత్రానికి పిల్లలకి బస్సు సీటు తప్ప ఇంకేదీ గుర్తుండదు. రెండు కొట్టెయ్. ఇంగ్లండులో శాండ్‌ఫర్డ్ అవార్డని ఒకటుందనీ, పాత ఇళ్ళలో, మ్యూజియంలలో పిల్లలకి బాగా చదువు చెబితే 1978 నుంచి ఇస్తున్నారనీ నువ్వే కదా పోయిన సంక్రాంతికి చెప్పావు? అది బాగా చెప్పినందుకే గానీ ఎక్కువ చూపించినందుకు కాదుగా.

అనుమతికి ముందే ఉత్తరం పెట్టు. సెలవు ఏ రోజో కనుక్కో. మంచినీళ్ళు మోసుకెళ్ళు.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. నేను సర్వీసులో ఉండగా ఒక బడి వాళ్ళ వెంట ఆ ఇంటికి వెళ్ళాను. ఏ బడో నీకెందుకులే. వాళ్ళ మాస్టారు గడప దాటగానే డిక్టేషన్ మొదలెట్టాడు. 1848లో పుట్టారు, 1919లో పోయారు, తొలి వితంతు వివాహం 1881 డిసెంబర్ 11న చేయించారు. పిల్లలు తల ఎత్తితే ఒట్టు. అంత పాత ఇంట్లో నిలబడి, బడిలో రాసుకునేదే రాసుకున్నారు. ఇంతలో వెనక వరసలోంచి ఒక పిల్ల, “సార్, పెళ్ళికూతురు మాకన్నా పెద్దదా?” అని అడిగింది. “అది పరీక్షలో రాదు, కూర్చో” అన్నాడాయన. ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పలేదు.

ఆ రోజుకి ఇంకేం కావాలి చెప్పు? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుంటే గౌరమ్మ అనే బాలవితంతువు కథ వచ్చేది, పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములు వచ్చేవాడు. ఊరంతా వెలేస్తామని బెదిరించిన సంగతి వచ్చేది. వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రానంటే వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్ళు మోసి వండి పెట్టారు. పాఠ్యపుస్తకంలో ఆవిడకి ఎన్ని లైన్లుంటాయో నీకు తెలుసు. కాబట్టి పిల్లల్ని ఆ ఇంట్లో కూచోబెట్టి, “ఇంతమందికి నీళ్ళు ఎవరు తెచ్చుంటారు?” అని అడిగి ఊరుకో. వాళ్ళే వెతుకుతారు. తేదీలు బస్సెక్కాక చెప్పుకోవచ్చు.

దామెర్ల గ్యాలరీ వదలకు. నిండా ముప్పై ఏళ్ళు రాకుండా 1925లో పోయాడు పాపం. ఒక్కొక్కరిని ఒక్క బొమ్మ ముందే నిలబడమను. అన్నీ చూడక్కర్లేదు.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు. చిన్నప్పుడు మా బడికొచ్చి ప్రశ్నలడిగి చంపేదానివి, నాకు భలే ముచ్చటేసేది. నీ పిల్లలూ నీలాగే అడుగుతారు.

ఇక నా భయం నీకు తెలిసిందే. నీళ్ళ మాట వచ్చాక గోదావరి చూస్తామని గొడవ చేస్తారు. లెక్క పెట్టుకోకుండా రేవులోకి ఒక్కడిని కూడా దిగనివ్వకు. నువ్వొక్కదానివే అయితే అసలు రేవు వైపే వెళ్ళొద్దు. తేదీ ఖాయం కాగానే కబురు చెయ్యి, నేనొచ్చి ఒడ్డున నిలబడతాను. మీ పెద్దమ్మ పులిహోర చేసిస్తానంటోంది, ఎంతమందో చెప్పు.

పెదనాన్న